రిజిస్టరులో రాయని గుండె జబ్బు

(తిరుపతిలో వైద్య, నర్సింగ్, సోషల్ వర్క్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ సామాజిక వైద్య అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆయన మాట తీరు మార్చకుండా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడతా ఉందా? సరే.

నన్ను పిలిచిన కాగితంలో 'ఆదివాసీ సముదాయాలలో హృద్రోగ భారం' అని రాసినారు. చాలా పెద్ద మాట. నేను దాన్ని కుదించుకుంటా. ఒక మనిషి చనిపోయినాడు. ఎందుకు చనిపోయినాడు? దీనికి జవాబు వెతుక్కుంటా సర్వీసులో సగం కాలం తిరిగినా.

చానా ఏళ్ల కిందటి మాట. సూళ్లూరుపేట అవతల, పులికాట్ ఒడ్డున ఒక గిరిజన కాలనీ. అంతా యానాదులు. అనాది నుంచి ఉన్నవాళ్లు కాబట్టి యానాదులైనారని వాడుకలో ఒక మాట ఉంది. నిజమో కాదో భాషావాళ్లు చెప్పాల. అప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినాక మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఒక అవ్వ గుడిసె ముందర కూర్చుని రొయ్యలు ఒలుస్తా ఉంది. భర్త పోయి నాలుగు నెలలు. చావుల రిజిస్టరులో ఆయన పేరుకెదురుగా, కారణం అనే గడిలో, 'గుండె ఆగి' అని ఉంది. నేను చూసి పోయినా కాబట్టి నాకు తెలుసు. రాసినాయన్ని తప్పు పట్టను, ఆయనేమన్నా డాక్టరా? కానీ మీరే చెప్పండి, గుండె ఆగకుండా పోయినవాళ్లు ఎవరన్నా ఉన్నారా? (నవ్వులు) పాము కరిచినా, టీబీ వచ్చినా, నీళ్లలో మునిగినా చివరికి ఆగేది గుండే. చావు కారణాలు లెక్కగట్టేవాళ్లు ఇట్లాంటి మాటల్ని చెత్త కోడ్లు అంటారు. రాసినట్టే ఉంటుంది, చెప్పేదేమీ ఉండదు.

నేను కాగితం తీసి అడిగినా. "అవ్వా, తాతకి చనిపోయే ముందు రొమ్ములో నొప్పి వచ్చిందా?"

"లేదు సామీ."

"ఆయాసం?"

"ఆయాసం ఎవురికి లేదు?"

అయిపాయ. కాగితం ప్రకారం అది గుండెపోటు కాదు. నేను లేచి రావాల. ఎండ ఎక్కువగా ఉండి కూర్చున్నా, అంతే, నా తెలివేమీ లేదు అందులో. రొయ్యలు ఒలుస్తానే ఆమె తనంతట తాను మొదలుపెట్టింది. ఆ రోజు వల లాగతా లాగతా మధ్యలో కూలబడినాడంట. ఎడం రెక్క రాయిలాగ బరువెక్కింది అన్నాడంట. ఈమె నూనె రాసింది. ఒళ్లంతా చెమట. "తువాలుతో తుడిస్తే పిండేంత చెమట సామీ. మూడు తూర్లు పిండినా." తెల్లారేసరికి లేడు.

ఇక్కడున్న మెడికల్ పిల్లలకి నేను వేరే చెప్పాల్సిన పని లేదు. తువాలు పిండేంత చెమట, ఎడం రెక్క బరువు. ఆమె దాన్ని 'నొప్పి' అనలేదు. నొప్పంటే ఆమెకి ముల్లు గుచ్చుకుంటే వచ్చేది, రొయ్య కొమ్ము దిగితే వచ్చేది. ఇది బరువు. తప్పు నా ప్రశ్నది.

ఆ ప్రశ్న ఎక్కడిదో కూడా చెప్తా. 1962లో జెఫ్రీ రోజ్ అని లండన్ వైద్యుడు ఒక ప్రశ్నావళి తయారు చేసినాడు. ఈసీజీ లేకుండా, కొన్ని ప్రశ్నలతో గుండె నొప్పిని పట్టుకోవడానికి. మంచి పనిముట్టు, ప్రపంచమంతా వాడినారు. దాంట్లో ఒక ప్రశ్న: గట్టు ఎక్కేటప్పుడు గానీ, గబగబా నడిచేటప్పుడు గానీ వస్తుందా? పులికాట్ ఒడ్డున గట్టు ఎక్కడుంది? తాంబాళం మాదిరి నేల. ఇంకో ఆమెని గబగబా నడుస్తారా అని అడిగితే, "బస్సుందా ఏమన్నా ఆత్రంగా పోను?" అనింది. తర్వాత మేం దాన్ని మార్చుకున్నాం. తడి వల లాగేటప్పుడు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేటప్పుడు. జామాయిల్ మొద్దు ఎత్తేటప్పుడు. నొప్పి బదులు పట్టినట్టు, బరువు, మంట, అదురు, రొప్పు, ఇట్లా అన్ని మాటలూ పెట్టినాం. అప్పుడు జవాబులు వచ్చినాయి.

చనిపోయినవాళ్ల ఇంటికి పోయి ఇట్లా అడిగి కారణం తేల్చడానికి మౌఖిక శవపరీక్ష అని పేరు పెట్టినారు. నాకు ఆ పేరు నచ్చదు. ఆ పేరు చెప్పి ఏ ఇంటికన్నా పోండి, చీపురు తిరగేస్తారు. (నవ్వులు) పని మాత్రం గొప్పది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఇదే పని చేసినారు. ఏడాదిలో జరిగిన 1354 చావులకి ఇల్లిల్లూ తిరిగి కారణం అడిగినారు. పల్లె జనం వాంతులు, విరేచనాలు, జ్వరాలతో పోతారని అప్పటిదాకా అందరి నమ్మకం. తీరా చూస్తే నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవి. మహారాష్ట్రలో గడ్చిరోలి సంగతి తెలుసు కదా, అడవి జిల్లా. అక్కడ 86 పల్లెల్లో చేస్తే చావులకి మొదటి కారణంగా పక్షవాతం తేలింది. 2015లో అచ్చయింది. పక్షవాతం మెదడులో వస్తుంది కదా సార్ అంటారు. దాని వేరు బీపీ. గుండెకీ దానికీ చుట్టరికం.

మరి యానాదుల సంగతి, ఎరుకల, సుగాలీల సంగతి? ఇక్కడ ఒక చిక్కుంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఎస్టీలు 10 కోట్ల 40 లక్షలు. పాత చిత్తూరు జిల్లాలో మాత్రం నూటికి నలుగురు కూడా లేరు. విశాఖ మన్యంలో మాదిరి ఇక్కడ షెడ్యూల్డు ఏరియా లేదు. ఊరికి పది ఇళ్లు, చెరువు కట్ట కింద పదిహేను ఇళ్లు. ఎక్కడన్నా సర్వే చేస్తే ఊరి నడిమధ్య నుంచి మొదలుపెట్టి కావలసిన ఇళ్లు నిండినాక ఆపేస్తారు. చెరువు కట్ట దాకా ఎవరొస్తారు? ఒకవేళ వచ్చినా 'ఎస్టీ' అని ఒక గడి. సేద్యం చేసుకునే సుగాలీ, బుట్టలల్లే ఎరుకల, చేపలు పట్టే యానాది ముగ్గురూ ఆ గడిలో పడి ఒకటైపోతారు. సగటు తీస్తే వచ్చేది ముగ్గురిలో ఎవరిదీ కాదు.

గిరిజనుల ఆరోగ్యం మీద డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం ఒక నిపుణుల కమిటీ వేసింది, 2018లో నివేదిక ఇచ్చినారు. గిరిజన పెద్దవాళ్లలో నలుగురికొకరికి బీపీ ఉందనీ, మగవాళ్లలో నూటికి 72 మంది పొగాకు వాడతారనీ చెప్పినారు. గిరిజనుల్లో సగానికి పైగా మనం గిరిజన ప్రాంతాలు అనుకునే బ్లాకుల బయటే ఉన్నారని కూడా అందులోనే ఉంది. అంటే మన చెరువు కట్ట కింది ఇళ్లు.

నలుగురికొకరు అంటే ఇప్పటికీ నమ్మరు. "యానాదోళ్లకి బీపీ ఏంది సార్, రాళ్లు తిన్నా అరిగించుకుంటారు" అని నాతోనే పనిచేసే డాక్టరు అన్నాడు. పేరు చెప్పను, మంచివాడే. ఈ నమ్మకం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1988లో ఇంటర్‌సాల్ట్ అనే అధ్యయనం అచ్చయింది, 32 దేశాల్లో పదివేల మందికి బీపీ చూసినారు. అమెజాన్ అడవిలో యానోమామీ జనానికి పైబీపీ సగటున 100 కూడా లేదు, వయసు పెరిగినా పెరగలేదు. వాళ్ల తిండిలో ఉప్పు లేనట్టే. బొలీవియాలో త్సిమానే అనే జనం ఉన్నారు. 705 మందికి గుండె స్కాన్ తీస్తే నూటికి 85 మంది గుండె నాళాల్లో సున్నం మచ్చ కనపడలేదు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సరే. కానీ వాళ్ల అడవి వాళ్లకే ఉంది, వాళ్ల నది వాళ్లకే ఉంది.

అమెరికాలో అక్కడి మూలవాసుల గురించి కూడా గుండెపోటు వీళ్లకి అరుదు అని ఒకప్పుడు డాక్టర్లు రాసుకున్నారు. గుండె జబ్బుల లెక్కలకి అక్కడ పెద్ద దిక్కు ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం, 1948లో మొదలైంది, దాదాపు అందరూ తెల్లవాళ్లు. ఆ కొలబద్దనే అందరికీ పెట్టినారు. చివరికి 1988లో స్ట్రాంగ్ హార్ట్ స్టడీ మొదలైంది. అరిజోనా, ఓక్లహోమా, డకోటాల్లో 13 తెగల వాళ్లు, నాలుగున్నర వేల మంది. ఏళ్ల తరబడి వెంటపడి చూస్తే గుండె జబ్బు తక్కువ కాదు, ఎక్కువే అని తేలింది. దాని వెనక ఉండేది చక్కెర జబ్బు. భూములు పోయి, వేట పోయి, సర్కారు ఇచ్చే పిండీ కొవ్వూ తిని బతకాల్సి వచ్చిన జనం వాళ్లు.

మన దగ్గరకి వస్తా. శ్రీహరికోట దీవి అంటే మీకు రాకెట్లు. ఆ దీవిలో యానాదులు ఉండేవాళ్లు. అడవిలో గడ్డలు, కాయలు, తేనె, సరస్సులో చేప. రాకెట్ కేంద్రానికి చోటు కావాల్సి వచ్చినప్పుడు వాళ్లు జాగా మారినారు. నేను రాకెట్లకి వ్యతిరేకిని కాదు, నా మనవడు వాటి పేర్లన్నీ ఒప్పజెప్తాడు. చేతికొచ్చే తిండి మారిందని మాత్రం చెప్తా ఉన్నా. కంట్రోల్ బియ్యం, పామాయిలు, ఊరగాయ, ఉప్పుచేప. రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఒక ఇంట్లో ఎండబెట్టిన చేపని చేత్తో దులిపి చూడండి, అరచేతిలో ఎంత రాలుతుందో. పొలాల్లో ఎలుకలు పట్టేవాళ్లని చూసినారా? కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతి కన్నానికి ఆనించి, అడుగున బొక్కలో నోరు పెట్టి ఊదుతారు. పొగ కన్నంలోకి పోవాల. సగం వెనక్కి వచ్చి ఊదేవాడి రొమ్ములోకి పోతుంది. ఆ మనిషిని బీడీ తాగతావా అని అడిగి, లేదంటే 'పొగ లేదు' అని టిక్కు పెట్టుకుని వస్తాం మనం.

ఇప్పుడు కొలత సంగతి. ఇది జాగ్రత్తగా వినండి. బీపీ పట్టీ ఉంటుంది కదా, మామూలు పెద్దల పట్టీ 27 నుంచి 34 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉండే చేతికి. ఆ కాలనీలో నేను టేపు పెట్టి కొలిస్తే ఆడవాళ్లవి చానా చేతులు 24, 23. సన్నని చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఎక్కువ చూపిస్తుంది, అది అందరికీ తెలుసు, పరీక్షల్లో అడుగుతారు. సన్నని చేతి సంగతి ఎవరూ అడగరు. ఎందుకంటే ఆస్పత్రికి వచ్చే బీపీ పేషెంటు లావుగా ఉంటాడని మన బుర్రలో ఉంది. నేను కూడా మొదటి రెండేళ్లూ మామూలు పట్టీతోనే కొలిచినా. ఆ రెండేళ్ల అంకెలు ఎక్కడా వాడలేదు, బీరువాలో ఉన్నాయి.

వయసు ఇంకొకటి. గుండెపోటు ముప్పు లెక్కగట్టే ఏ పట్టిక తీసుకున్నా మొదట వయసు అడుగుతుంది. ఆధార్‌లో ఉన్నది జనవరి ఒకటో తేదీ. (నవ్వులు) మీరు నవ్వుతారు, ఆ తేదీ రాసినవాడు ముఖం చూసి రాసినాడు. మేం ఒక పట్టిక కట్టుకున్నాం. 1979 ఆగస్టులో మొదటి ఎస్‌ఎల్‌వీ రాకెట్టు పోయి సముద్రంలో పడింది, మరుసటేడు జులైలో బాగా పోయింది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1984 నవంబర్లో తుఫాను. "తుఫానప్పుడు మీ పెద్దోడు నడుస్తా ఉన్నాడా, సంకలో ఉన్నాడా?" అని అడిగితే తడుముకోకుండా చెప్తారు. "రాకెట్టు పడిపోయిన ఏడు నాకు పెండ్లైంది" అని ఒకామె చెప్పింది. అంతకన్నా నికార్సయిన సర్టిఫికెట్ ఏముంది?

పిల్లల గుండె గురించి కాస్త. దీని మీద నాకు కోపం ఎక్కువ, అందుకే తక్కువ మాట్లాడతా. చిన్నపిల్లకి గొంతునొప్పి వస్తుంది, స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి. ఇరుకు ఇళ్లలో ఒకరి నుంచి ఒకరికి పోతుంది. కొందరు పిల్లల్లో కొన్ని వారాల తర్వాత కీళ్లు వాస్తాయి, జ్వరం. అది తగ్గిపోతుంది, అమ్మానాన్న మర్చిపోతారు. లోపల గుండె కవాటం చెడిపోతా ఉంటుంది. ఈ జబ్బు ప్రపంచంలోనే ఎక్కువగా ఉండే చోట్లలో ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతం ఒకటి, అక్కడి మూలవాసులైన అబొరిజినల్ పిల్లల్లో. అంత డబ్బున్న దేశం, తెల్లవాళ్ల పిల్లల్లో దాదాపు కనపడదు. దీన్ని ఆపేది బెంజాథీన్ పెన్సిలిన్ సూది. ఇరవై ఒక్క రోజులకొకసారి, ఏళ్ల తరబడి. ధర పెద్దదేం కాదు. మన తిరుపతిలో 2021 నుంచి చిన్నపిల్లల గుండె ఆస్పత్రి ఉంది, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన సర్కారు పథకంతో ఆపరేషన్‌కి డబ్బు దొరుకుతుంది, మంచిదే. కానీ ఆపరేషన్‌కి ఫోటో ఉంటుంది, ఇరవై ఒకటో రోజు సూదికి ఫోటో ఉండదు. ఒక పాప, ఎనిమిదేళ్లు, సూదికి మూడుసార్లు వచ్చింది, నాలుగోసారికి ఇల్లు తాళం. తాళం ఏంది, తలుపే లేదు, తడికె కట్టేసి ఉంది. జామాయిల్ కొట్టను ఎటో పోయినారు. కార్డు మా దగ్గరే మిగిలింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాల. మొదటి విడత మేం ఒక కాలనీలో నెత్తురు తీసుకున్నాం. చక్కెర, కొవ్వు చూడటానికి. చూసినాం, రాసుకున్నాం, మీటింగులో చదివినాం, చప్పట్లు కూడా వచ్చినాయి. ఏడాదికి మళ్లీ పోతే ఒక మగమనిషి, నా ఈడువాడు, చేతులు కట్టుకుని నిలబడి అడిగినాడు: "పోయినసారి తీసకపోయిన నెత్తురు ఏం చేసినావు సామీ?" కోపంగా అడగలేదు. కోపంగా అడిగుంటే బాగుండేది.

ఈ ప్రశ్నని అమెరికాలో కోర్టులో అడిగినారు. గ్రాండ్ కాన్యన్ లోపల హవసుపాయి అని చిన్న తెగ. చక్కెర జబ్బు ఎందుకొస్తుందో చూస్తామని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నెత్తురు తీసుకున్నారు. ఆ నెత్తురుతోనే మతిభ్రమణం మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చినారు అనే దాని మీద కూడా పరిశోధనలు చేసినారు. మేం ఈ లోయలోనే పుట్టినాం అని నమ్మే జనం వాళ్లు. 2003లో యూనివర్సిటీలో ఎవరో థీసిస్ చదువుతా ఉంటే, తెగవాళ్లలో ఒకామె వినడానికి పోయి కూర్చుని, అది తమ నెత్తురే అని కనిపెట్టింది. 2010లో రాజీ కుదిరింది. ఏడు లక్షల డాలర్లు, మిగిలిన నెత్తురు వెనక్కి. తెగవాళ్లు పోయి ఆ సీసాల్ని తెచ్చుకున్నారు.

మన దగ్గర సీసాల దాకా పోనక్కర లేదు, కాగితంతోనే భయం. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయమంటే ఒక ఎరుకల పెద్దాయన లేచి వెళ్లిపోయినాడు. నాకు అర్థం కాలేదు. మా అటెండర్ చెప్పినాడు, ఆయనకి చదువు తక్కువ, నాకన్నా ఎక్కువ తెలుసు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు వైపుకీ వచ్చింది. ఎరుకల వాళ్ల పేర్లు రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటాలన్నా పోలీసుకి చెప్పి పోవాల అన్నారు. దేశం మొత్తం మీద 1952లో తీసేసినారు. ఆ పెద్దాయన వాళ్ల నాయన ముద్ర వేసినవాడు. ఆ తర్వాత మేం ముద్ర అడగడం మానేసి, ఊళ్లో వాళ్లు కుదిర్చిన సాక్షి ముందర నోటిమాట తీసుకున్నాం. పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దీనికి ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. పట్టనీ.

ఫలితాలు కూడా ఊళ్లోనే చెప్పడం మొదలుపెట్టినాం. వేపచెట్టు కింద, సాయంత్రం, వలలు ఆరేసినాక. వేరే ఎవరికన్నా చెప్పేముందు వాళ్లకి. అంకెలు అక్కర్లేదు. చింతగింజలు నూరు పోసి, బీపీ ఉన్నవాళ్లన్ని గింజలు పక్కకి తీసి చూపించినాం. ఒకాయన ఆ పక్కకి తీసిన గింజల్లో ఒకటి తీసి, "ఇది నేనేనా?" అన్నాడు.

(ప్రశ్న: సార్, మాలాంటి విద్యార్థులు ఈ పని మొదలుపెట్టాలంటే మొదట ఏం కావాలి?)

దర్జీ టేపు ఒకటి, చిన్న పట్టీ ఒకటి. నిజంగానే చెప్తా ఉన్నా. ఆ తర్వాత కూర్చునే ఓపిక.

ఆ రొయ్యల అవ్వ దగ్గరకి చిన్న పట్టీ దొరికినాక మళ్లీ పోయినా. చేతి చుట్టుకొలత 22న్నర. అలవాటుగా పెద్ద పట్టీ చుట్టి చూస్తే పైబీపీ 136. పది నిమిషాలు ఆగి చిన్నది చుడితే 148. మళ్లీ చూసినా, 150. ఆమెకి రెండూ చెప్పినా, ఈ పట్టీ తప్పు, ఈ పట్టీ సరైంది అని చూపించినా. తాతకి వచ్చింది ఈ బీపీ వల్లనే అయ్యుండొచ్చు, మాత్ర వేసుకోవాల, సూళ్లూరుపేటలో ఇస్తారు అని చెప్పినా. ఆమె పుస్తకంలోకి తొంగి చూసింది. చదువు రాదు, అయినా చూసింది.

"ఆ తక్కువదే రాయి సామీ," అనింది. "ఎక్కువ రాస్తే నన్ను ఆస్పత్రిలో పండుకోబెడతారు. రొయ్యలు ఎవురు ఒలుస్తారు?"

రెండూ రాసినా. ఏ పట్టీతో ఏది వచ్చిందో పక్కన రాసినా.